వ్రాయసగాండ్రు, పరిష్కర్తలు

కర్నూలు జిల్లా పడమటి భాగంలో – ఆదోని, ఆలూరు, కోసిగి, మంత్రాలయం ప్రాంతాలలో – పంట చేతికి రాని యేడు ఎన్నో యిండ్లకు తాళాలు పడతాయి. ముసలివారిని ఊరిలో వదలి కొందరు, పిల్లలను వెంటబెట్టుకొని కొందరు, మిరపకాయ కోతకు గుంటూరు సీమకో, కట్టుబడి పనులకు హైదరాబాదుకో బెంగుళూరుకో బయలుదేరుతారు. దీనికి అక్కడివారు పెట్టుకొన్న పేరు ‘సుగ్గి’. సుగ్గి అనగా కోతల కాలం, పంట పండిన సంబరం. పంట లేనివాడు పరుల పంట కోయడానికి పోవడాన్ని గూడ సుగ్గి అనే అంటున్నారు. కన్నడంనుండి వచ్చిన ఒక సంతోషపు మాట కరువు నేలపై ఇట్లా అర్థం మార్చుకొన్నది.

హైదరాబాదునుండి కర్నూలు మీదుగా బెంగుళూరు పోయే 44వ జాతీయ రహదారిమీదనే, అవే ఊళ్ళనుండి, మరొక సుగ్గి పాతిక సంవత్సరాలకు పైగా సాగుతున్నది. దానిలో పోయేవారి చేతులలో కొడవళ్ళు ఉండవు. భుజానికి లాప్‌టాపు సంచి ఉంటుంది. మొదటి సుగ్గికి తండ్రి పోతే రెండవ సుగ్గికి కొడుకో కూతురో పోవడం, తండ్రి కూలి డబ్బు బిడ్డ హాస్టలు ఖర్చు కావడం ఈ సీమలో చాల కుటుంబాల కథ. బావి ఎండినా, వేరుశనగ ఊడలు దిగకపోయినా, చీనీ చెట్లు నిలువున మాడినా, ‘పిల్లవాడు సాఫ్టువేరులో ఉన్నాడు’ అన్న ఒక్క మాట ఆ యింటికి అప్పు పుట్టించినది, సంబంధం కుదిర్చినది, కొన్ని ఊళ్ళలో మిద్దెలు లేపినది. ఎండ నేలకు దొరికిన ఒకే ఒక నీటి ఊట అని దానిని చెప్పినా అతిశయోక్తి కాదు.

ఆ ఊట నేడు తగ్గుతున్నదా, లేక దారి మార్చుకొంటున్నదా అన్నది ప్రశ్న. పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాటినుండి ప్రతి ఉన్నత పాఠశాలలోను ఉపాధ్యాయుణ్ణి తల్లిదండ్రులు అడుగుతున్న ప్రశ్న ఇదే గనుక దీనిని కొంత నిదానంగా విచారించవలసి ఉన్నది.

ఈ కొలువులు మనకు ఎట్లా వచ్చినవో ముందు జ్ఞాపకం చేసుకోవాలి. పాత కంప్యూటరు ప్రోగ్రాములలో సంవత్సరాన్ని సూచించడానికి చివరి రెండంకెలు మాత్రమే వ్రాసేవారు. 2000 సంవత్సరం వచ్చేసరికి ‘00’ అన్నది 1900 అని యంత్రం భ్రమపడుతుందన్న భయం పుట్టినది. ప్రపంచమంతటా బ్యాంకులలో, బీమా సంస్థలలో లక్షలాది పంక్తుల ప్రోగ్రాములు విప్పి చూచి సరిచేయవలసి వచ్చినది. ఆ పని మహా మేధావులు చేయవలసినది కాదు. ఓపికతో, తప్పు పోనివ్వకుండా చేయవలసినది. తక్కువ జీతానికి ఆ పని చేయగల ఇంగ్లీషు తెలిసిన యువకులు భారతదేశంలో దొరికినారు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్సు వెలసినది. అమీరుపేట వీధులలో మూడు నెలల కోర్సులు చెప్పే సంస్థలు పుట్టగొడుగుల వలె లేచినవి. కర్నూలు బస్సు దిగిన పిల్లవాడు అక్కడ ఒక గదిలో నలుగురితో పొత్తు కలిపి, కోర్సు నేర్చి, కొలువు సంపాదించినాడు. ఫీజు రీయింబర్సుమెంటు పథకం వచ్చిన తరువాత పేదవాని బిడ్డకు గూడ ఇంజనీరింగు చదువు అందుబాటులోనికి వచ్చినది. ఒక దశలో ఉమ్మడి రాష్ట్రంలోని ఇంజనీరింగు కళాశాలల సంఖ్య దాదాపు 700 అయినది.

ఇక్కడ ఒక పాత కథ చెప్పుకోవడం అప్రస్తుతం కాదు. కర్నూలుకు ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా త్రవ్విన కె.సి. కాలువను ఈ రెండు జిల్లాలలోను ఎరుగనివారు లేరు. 1860 తరువాతి పదేండ్లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ దానిని త్రవ్వించినది. పెట్టుబడిపై వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చినది. నీరు పారుతుంది, పడవలు నడుస్తాయి, పన్ను వస్తుంది, లాభం పండుతుంది అని కంపెనీవారి అంచనా. కాలువ వచ్చినది, నీరు వచ్చినది. కాని అనుకొన్నంతమంది రైతులు ఆ నీటిని తీసుకోలేదు. వారు మూర్ఖులు కారు. నల్లరేగడిలో జొన్న, పత్తి పండించుకొనే రైతు మాగాణికి మారవలెనంటే మడులు కట్టవలె, ఎడ్లు కావలె, ఎరువు కావలె, పన్ను కట్టడానికి చేతిలో డబ్బు ఆడవలె. ఇవేవీ కాలువతో పాటు పారి రాలేదు. 1876–78 నాటి ధాత కరువు ఈ సీమను ఊడ్చిపెట్టినది. చివరకు 1882లో ప్రభుత్వం కంపెనీనుండి కాలువను కొనుక్కొనవలసి వచ్చినది. కాలువ నిరుపయోగమని దీని అర్థం కాదు. తరువాతి తరాలు దానిక్రింద బంగారం పండించినవి. త్రవ్వినవారు కాలువను గురించి ఆలోచించినారు గాని, కాలువ చివరనున్న రైతును గురించి ఆలోచించలేదు.

ఇంజనీరింగు కళాశాలల విషయంలో గూడ జరిగినది దాదాపు ఇదే. భవనాలు లేచినవి, సీట్లు నిండినవి, పట్టాలు పారినవి. పాఠం చెప్పడానికి తగిన అధ్యాపకులు, చేతితో చేసి చూడడానికి ప్రయోగశాలలు, చదివినదానిని తన మాటలలో చెప్పగల భాషాశక్తి – ఇవి అన్నిచోట్లా పారలేదు. కంపెనీలకు గూడ అవి అంతగా అవసరం పడలేదు. ఎందుకంటే వారు కోరినది చాలవరకు వ్రాయసగాండ్రను.

ఆ మాట కొంచెం వివరించవలె. అచ్చుయంత్రం లేని కాలంలో గ్రంథం బ్రతకాలంటే ఎవరో ఒకరు తాటాకుపై గంటంతో మరొక ప్రతి వ్రాయవలె. అట్లా వ్రాసేవాడు వ్రాయసగాడు. అతనికి అక్షరం కుదురుగా వస్తే చాలు. అర్థం తెలియకపోయినా పని సాగుతుంది. సాఫ్టువేరు కంపెనీలో కొత్తగా చేరిన యువకునికి అప్పగించే పని స్వభావం అటువంటిదే. పెద్దలు గీసి యిచ్చిన పథకంలో ఒక చిన్న భాగానికి కోడు వ్రాయడం, పాత భాషలోని ప్రోగ్రామును కొత్త భాషలోనికి మార్చడం, వ్రాసినది పని చేస్తున్నదో లేదో పట్టిక ప్రకారం పరీక్షించడం, ఎక్కడో అమెరికాలో ఒక వినియోగదారుడు పంపిన ఫిర్యాదుకు చిన్న సవరణ చేయడం. విదేశపు ఖాతాదారు ఎన్ని తలలు, ఎన్ని గంటలు పని చేసినవో లెక్కగట్టి సొమ్ము చెల్లించేవాడు. కనుక కంపెనీకి తలలెక్కువైతే రాబడి ఎక్కువ. క్రింద వేలకొలది వ్రాయసగాండ్రు, వారిపై వందలకొలది పర్యవేక్షకులు, ఆపైన పదులకొలది పెద్దలు – ఈ గోపురం మీద పరిశ్రమ నిలిచినది. ఆ పరిశ్రమ సంఘం నాస్‌కాం లెక్క ప్రకారం 2025 మార్చితో ముగిసిన సంవత్సరంలో దాని రాబడి సుమారు 28,000 కోట్ల డాలర్లు. అందులో పనిచేసేవారు దాదాపు 58 లక్షలు. ఇంతటి గోపురానికి అడుగు వరుస రాళ్ళు చిన్న ఊళ్ళనుండి వచ్చిన పిల్లలే. అయితే ఆ అడుగు వరుసకు ఇచ్చే జీతం – సంవత్సరానికి మూడు, మూడున్నర లక్షలు – పదిహేనేండ్ల క్రిందట ఎంతో చాల కంపెనీలలో నేటికీ ఇంచుమించు అంతే. ఆ మధ్యకాలంలో బియ్యం ధర, గది అద్దె ఎంత పెరిగినవో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు వ్రాయసగాని పని చేసే యంత్రం వచ్చినది.

2022 నవంబరు 30న అమెరికాలోని ఓపెన్ ఏఐ సంస్థ చాట్ జీపీటీని లోకానికి విడిచినది. కృత్రిమ మేధ అన్న మాట అంతకుముందే ఉన్నా, సామాన్యునికి అది చేతికి అందినది ఆనాటినుండే. దాని లోపలి కిటుకు స్థూలంగా చెప్పవలెనంటే, అపారమైన వ్రాతను చదివించి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి ఎంత అవకాశం ఉన్నదో లెక్కకట్టడం నేర్పడం. అవధానికి పృచ్ఛకుడు సమస్య ఇచ్చినట్లు మనం సగం వాక్యం ఇస్తే మిగిలిన సగం అది పూరిస్తుంది. పూరణ చాలసార్లు ఆశ్చర్యం గొలిపేటంత చక్కగా ఉంటుంది. ఒక్కొక్కసారి లేనిదానిని ఉన్నట్లు, అణుమాత్రం తొట్రుపాటు లేకుండా చెప్పివేస్తుంది. తెలుగు పద్యం వ్రాయమంటే యతిప్రాసలను తరచుగా గాలికి వదులుతుంది. అవధానికి అటువంటి స్వాతంత్ర్యం లేదు గదా! కాని కంప్యూటరు భాషలు మానవ భాషలకన్న చాల చిన్నవి, నియమబద్ధమైనవి. అందువల్ల పద్యంలో తడబడే యంత్రం ప్రోగ్రాము వ్రాయడంలో మాత్రం త్వరగా చేయి తిరిగినదైనది.

మైక్రోసాఫ్టు సంస్థ అధిపతి సత్య నాదెళ్ళ – ఆయన తండ్రి యుగంధర్‌గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం – 2025 ఏప్రిలులో చెప్పిన దానినిబట్టి ఆ సంస్థ కోడులో నూటికి ఇరవై ముప్పై పాళ్ళు యంత్రం వ్రాసినదే. అదే సంవత్సరం అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు జీతాల పట్టికలు పరిశీలించి, కృత్రిమ మేధ ప్రభావం ఎక్కువగా తగిలే వృత్తులలో 22 నుండి 25 ఏండ్ల వయసువారి ఉద్యోగాలు ఇతరులతో పోల్చి చూస్తే 13 శాతం తగ్గినవని తేల్చినారు. వారికంటె పెద్దలకు, అనుభవం కలవారికి అటువంటి తగ్గుదల కానరాలేదు. మన దేశంలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2025 జూలైలో తన సిబ్బందిలో 2 శాతాన్ని – 12,000 మందికి పైగా – తగ్గించుకొంటామని ప్రకటించినది. ఆ సంస్థ పెద్దలు ఇది యంత్రం వలన కాదని, నైపుణ్యాలు కుదరకపోవడం వలన అని అన్నారు. తగ్గింపు గూడ ఎక్కువగా మధ్య, పై అంతస్తులలోనే అన్నారు. కనుక ప్రతి ఉద్వాసనను కృత్రిమ మేధ ఖాతాలో వ్రాయడం తొందరపాటు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం హెచ్ 1 బి వీసా కొత్త దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించడం, విదేశీ ఖాతాదారులు ఖర్చు బిగించడం – ఇవి గూడ ఆ యేటి అలజడికి కారణాలే. కాని ఖాతాదారు అడిగే ప్రశ్న మాత్రం మారినది. ‘పది మంది చేసే పని యంత్రం సాయంతో ఆరుగురు చేయగలిగినప్పుడు పదిమంది కూలి నేనెందుకు ఇవ్వాలి?’ అని అతడు అడుగుతున్నాడు. తలలను లెక్కపెట్టి సొమ్ము పుచ్చుకొనే వ్యాపారానికి ఈ ప్రశ్న గొడ్డలిపెట్టు వంటిది.

దీనికి ఎదురు సాక్ష్యం గూడ ఉన్నది. మెటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రాము రచయితలకు, వారికి బాగా పరిచయమైన పనినే ఇచ్చి, యంత్రంతోను యంత్రం లేకుండాను చేయించి చూచినది. యంత్రం తోడున్నప్పుడు వారికి 19 శాతం ఎక్కువ కాలం పట్టినది! చిత్రమేమంటే, తమ పని ఇరవై శాతం త్వరగా అయినదని వారు నమ్మినారు. యంత్రం వ్రాసినదానిని చదివి, తప్పు వెదకి, దిద్ది, తిరిగి వ్రాయించడంలో కాలం ఖర్చైనది. పదహారుమందితో చేసిన పరీక్ష గనుక, యంత్రాలు నెలనెలకు మెరుగుపడుతున్నవి గనుక దీనినే తుది తీర్పు అనలేము. అయినా పని ఎక్కడికి జరిగినదో అది చూపుతున్నది. వ్రాయడంనుండి దిద్దడానికి జరిగినది.

ఈ భేదం కడప పట్టణానికి కొత్తది కాదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు కలెక్టరు సహాయకుడుగా వచ్చినాడు. తెలుగు నేర్చినాడు. తరువాతి కాలంలో అక్కడ ఒక బంగళా కొని, పండితులను, వ్రాయసగాండ్రను కూర్చి, సొంత జీతంనుండి, అది చాలనప్పుడు అప్పు తెచ్చి వారికి జీతాలిచ్చినాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ గ్రంథశాల వ్యవహారం నడిపించినాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు అందులో పనిచేసినారు. నేటి భాషలో చెప్పవలెనంటే అది ఒక సాఫ్టువేరు కార్యాలయం వంటిది: పనివిభజన ఉన్నది, పర్యవేక్షణ ఉన్నది, జీతాల పట్టిక ఉన్నది, కంపెనీ కొలువులోని అధికారి కట్టిన ఖర్చు ఉన్నది. అక్కడ వారికి ఎదురైన చిక్కు ఏమిటంటే – ప్రతులు చాలినన్ని దొరికినవి, కాని ఏ రెండు ప్రతులూ ఒకటిగా లేవు. వ్రాయసగాడు అలసినచోట అక్షరం జారినది; తెలియనిచోట తనకు తోచిన మాట చేరినది; ఒక పద్యం పోయినది, మరొకటి ఎక్కడినుండో వచ్చి కూర్చున్నది. ప్రతి తరం నకలులోను తప్పు పెరుగుతూ వచ్చినది. బ్రౌను చేసిన పని, ఒకే గ్రంథానికి పలు ప్రతులు తెప్పించి, పాఠభేదాలు గుర్తింపజేసి, పండితుల చేత ఏది సాధువో నిర్ణయింపజేసి, శుద్ధప్రతి వ్రాయించడం. వేమన పద్యాలు ఆ విధంగానే 1829లో చెన్నపట్నంలో అచ్చెక్కినవి. అందులో వ్రాయసగాని పాలు ఉన్నది. కాని ఆ గ్రంథం నిలిచినది పరిష్కర్త వలన. పరిష్కర్తకు వ్యాకరణం తెలియవలె, ఛందస్సు తెలియవలె, కవి కాలపు ఆచారం తెలియవలె. అన్నిటినీ మించి, అందంగా కనబడే తప్పుడు పాఠాన్ని అనుమానించే బుద్ధి ఉండవలె.

అచ్చుయంత్రం రాగానే వ్రాయసగాని వృత్తి ఆరిపోయినది. పరిష్కర్త విలువ పెరిగినది. ఎందుకంటే నకలులో తప్పు ఒక ప్రతిని చెరుపుతుంది, అచ్చులో తప్పు వేయి ప్రతులను చెరుపుతుంది. కృత్రిమ మేధ వ్రాసిన ప్రోగ్రాముతో గూడ అంతే. అది ఒక బ్యాంకు లెక్కలలోనో, ఒక ఆసుపత్రి మందుల పట్టికలోనో దూరితే తప్పు లక్షలమందికి ఒకేసారి తగులుతుంది. దానిని చదివి, ఇది సరి, ఇది కాదు అని చెప్పగలవానికి గిరాకీ పెరుగుతుందే గాని తగ్గదని చాలమంది పెద్దలు చెబుతున్నారు. ఇంతవరకు ఆ మాట నమ్మదగినదే.

కాని ఇక్కడే అసలు చిక్కు. పరిష్కర్త పుట్టుకతో పరిష్కర్త కాడు. పండితుడు గూడ మొదట గురువుగారి ముందు కూర్చొని ప్రతులు వ్రాసినవాడే. నూరు ప్రతులు వ్రాస్తే గాని నూటయొకటవ ప్రతిలో తప్పు కంటబడదు. సాఫ్టువేరు కంపెనీలో ఐదారు సంవత్సరాలు చిన్న పని చేసి, తప్పులు చేసి, పెద్దలచేత చీవాట్లు తిని, అర్ధరాత్రి ఆగిపోయిన ప్రోగ్రామును లేపడానికి కుస్తీపట్టి, అప్పుడు గదా ఒకడు తీర్పు చెప్పగలవాడు అయ్యేది! చిన్న పని యంత్రానికి ఇచ్చివేస్తే ఆ ఐదారేండ్ల శిక్షణ ఎక్కడ జరుగుతుంది? దాని ఖర్చు ఎవరు భరిస్తారు? నిన్నటివరకు ఖాతాదారు సొమ్ముతో, కంపెనీ జీతంమీద ఆ శిక్షణ జరిగిపోయినది. ఇకముందు అది కొలువులో చేరకముందే, కళాశాలలోనే, కుటుంబపు ఖర్చుమీద జరగవలెనంటే నష్టపోయేవాడు ఎవడు? హైదరాబాదులో ఇంజనీరు తండ్రి కడుపున పుట్టి పన్నెండవ యేటనే ఇంటిలో కంప్యూటరుతో ఆడుకొన్న బాలుడు కాడు. ఆలూరులోనో లక్కిరెడ్డిపల్లెలోనో మొదటితరం చదువుకు వచ్చిన బిడ్డ. గోపురపు అడుగు వరుస తీసివేస్తే నేలమీదనుండి ఎక్కేవానికి మెట్టు పోతుంది. పైకప్పుమీద పుట్టినవానికి ఏమీ పోదు.

ఈ రెండు జిల్లాలలో ఆ మెట్టును కట్టడానికి జరిగిన ప్రయత్నాలు లేకపోలేదు. 2008లో శాసనం చేసి నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మూడు ప్రాంగణాలలో ఒకటి కడప జిల్లా వేంపల్లె మండలం ఇడుపులపాయలో వెలసినది. ప్రజలు దానిని ‘ట్రిపుల్ ఐటీ’ అనే పిలుస్తారు. పదవ తరగతి మార్కులనుబట్టి చేర్చుకొని, రెండు సంవత్సరాల పూర్వవిద్య, నాలుగు సంవత్సరాల ఇంజనీరింగు, మొత్తం ఆరు సంవత్సరాలు హాస్టలులో ఉంచి చదివించడం దాని పద్ధతి. ప్రభుత్వ పాఠశాలలో చదివిన పల్లె బిడ్డలకు మార్కులు కొంత కలిపి, వెనుకబాటును లెక్కలోనికి తీసుకోవడం అందులో మెచ్చదగిన అంశం. పిల్లవాని చేతికి మొదటి యేటనే లాప్‌టాపు ఇచ్చినారు. ఆనాటికి అది చిన్న సాహసం కాదు. కర్నూలులో జగన్నాథగట్టుపై కేంద్ర ప్రభుత్వపు ఐఐఐటీడీఎం 2015లో మొదలైనది. కర్నూలులో జి. పుల్లారెడ్డి కళాశాల, కడపలో కె.ఎస్.ఆర్.ఎం. కళాశాల వంటివి అంతకు చాల ముందునుండి ఉన్నవి.

ఇడుపులపాయ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలరు ఎవరో విద్యార్థులు తెలుసుకోవలె. ఆయన రాజ్ రెడ్డిగారు. 1937లో శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో, అనగా నాటి చిత్తూరు జిల్లాలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టినారు. గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా పోయి, అక్కడినుండి అమెరికా చేరి, 1966లో స్టాన్‌ఫర్డులో పట్టా పొందినారు. కంప్యూటరు మనిషి మాటను విని అర్థం చేసుకోవడమనేది పిచ్చికోరికగా తోచిన రోజులలో ఆయన దానిని జీవిత పరిశ్రమగా చేపట్టినారు. కృత్రిమ మేధ విధానాలను పెద్ద ఎత్తున నిర్మించినందుకు 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందినారు. ఆ గౌరవం పొందిన మొదటి ఆసియావాసి ఆయనే. పల్లె బిడ్డల కొలువుకు ముప్పు తెస్తున్నదని అంటున్న శాస్త్రానికి పునాదిరాళ్ళు వేసినవారిలో ఒకడు రాయలసీమ పల్లెవాడు. ఆ బిడ్డలకోసమే విశ్వవిద్యాలయాన్ని ఊహించినదీ అతడే. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. మాట వినే యంత్రం, చదువు రానివానికి చదువురాయి కావలెనన్నది ఆయన ఆశయం. యంత్రం చేతికి ఎవరికి మొదట అందుతున్నది అన్న దగ్గరే ఆశయానికి, వ్యాపారానికి దారులు చీలినవి.

ఈ సీమకు దక్కుతున్న మరొక వాటాను గూడ ఇక్కడ చెప్పవలె. కృత్రిమ మేధకు విపరీతమైన విద్యుత్తు కావలె. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేండ్లలో 1500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం నిర్మిస్తామని ప్రకటించినది. ఓర్వకల్లు, గడివేముల ప్రాంతాలలో దాదాపు 6000 ఎకరాలలో పరచిన 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం 2017నుండి పనిచేస్తున్నది. శాపమనుకొన్న ఎండ సరకు అయినది, సంతోషమే. కాని సౌరఫలకాల వరుసల నడుమ నడచి చూస్తే కాపలాదారు, ఫలకం తుడిచేవాడు తప్ప మనుష్యులు కానరారు. వేల ఎకరాల భూమికి ఉద్యోగాలు పిడికెడు. ఎండ ఇక్కడిది, మేధ తీరంలో, లాభం సముద్రానికి ఆవల – అంతకుమించి ఏమైనా కావలెనంటే మనుష్యులు తయారు కావలె.

పరిశ్రమ మార్పును తట్టుకొన్న దృష్టాంతం కర్నూలు జిల్లాలోనే ఒకటున్నది. మిల్లు గుడ్డ వచ్చి మగ్గంవాని నోరు కొట్టిన రోజులలో, 1938లో, ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘం స్థాపించినారు. నూలు కొనడం, అద్దకం, నాణ్యత చూడడం, అమ్మడం సంఘం పని. నేయడం నేతగాని పని. ఒంటరిగా ఉన్న నేతగానిని యంత్రం మ్రింగినది. సంఘంలో ఉన్నవానిని చాలకాలం మ్రింగలేకపోయినది. ఎమ్మిగనూరు దుప్పట్లు దూరదేశాలు పోయినవి. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. నాటి వైభవం నేడు లేదు, అది వేరు కథ. సాఫ్టువేరు వ్రాయసగానికి అటువంటి సంఘం ఏదీ లేదు. గిరాకీ ఉన్నన్నినాళ్ళు దాని అవసరం అతనికి తోచలేదు. కంపెనీ మారితే జీతం పెరిగే రోజులలో సంఘం మాట ఎవరు తలుస్తారు?

ఇక పాఠశాలలవారి మాట. ఇంటిలో చేసుకొని రమ్మన్న వ్యాసాన్ని ఫోనులోని యంత్రంచేత వ్రాయించి తెస్తున్న పిల్లలు నేడు పట్నాలలోనే కాదు, ప్రొద్దుటూరు, డోను వంటి ఊళ్ళలో గూడ ఉన్నారు. దీనిని దొంగతనంగా మాత్రమే చూస్తే చాలదు. పిల్లవాడు తనకు తెలియకుండానే వ్రాయసగాని స్థానంకంటె కూడ క్రిందికి దిగుతున్నాడు. వ్రాయసగాడు కనీసం అక్షరమైనా తన చేతితో వ్రాసేవాడు. యంత్రం వ్రాసిన వ్యాసాన్ని తరగతిలో నల్లబల్లమీద పెట్టి, ‘ఇందులో అబద్ధమేది? అర్థం లేని వాక్యమేది? మన ఊరికి వర్తించని మాట ఏది?’ అని వెదకమంటే అది మంచి పాఠం. పదిమంది పిల్లలు కలిసి ఒక తప్పు పట్టుకొంటే, పరిష్కర్త చూపు వారికి మొదటిసారి అలవడినదన్నమాట. దీనికి కొత్త భవనం అక్కరలేదు, పెద్ద ఖర్చు లేదు. అయితే ఆ తప్పు పట్టుకోవడానికి ముందు పిల్లవానికి ఆ విషయం కొంతైనా సొంతంగా తెలిసి ఉండవలె. అనగా గుణింతం, ఎక్కం, వ్యాకరణం, చేతివ్రాత – పాతబడినవనుకొన్న పనులు – మానడానికి వీలులేదు. ‘యంత్రం చేస్తుంది గదా, ఇక నేర్పడమెందుకు?’ అనే వాదం వినసొంపుగా ఉన్నా, అది పరిష్కర్తను వ్రాయసదశ లేకుండా పుట్టించవలెనన్న వాదమే.

ఉన్నత విద్యాలయాలలో గూడ ఇటువంటి పని చేయించవచ్చును. కడపలో బ్రౌను బంగళా ఉన్న స్థలంలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వలన గ్రంథాలయం వెలసినది. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయం క్రిందికి వచ్చినది. అందులో తాళపత్రాలున్నవి. మెకంజీ వ్రాయించిన కైఫియ్యతులను ఆ కేంద్రం సంపుటాలుగా ప్రచురించినది. వాటిలో ఈ రెండు జిల్లాల ఊళ్ళ చరిత్ర కరణాల వ్రాతలో, నాటి రాయలసీమ మాటలో ఉన్నది. ఆ లిపిని, ఆ మాటను నేటి యంత్రం సరిగా చదవలేదు, ఎందుకంటే దానికి నేర్పిన తెలుగులో అటువంటి తెలుగు లేదు. యంత్రానికి దానిని నేర్పవలెనంటే ఒక్కొక్క ఆకును చదివి, సరియైన పాఠం ప్రక్కన చేర్చి, సందేహమున్నచోట గుర్తు పెట్టవలె. అందుకు లిపి తెలిసిన తెలుగు విద్యార్థి కావలె, ప్రోగ్రాము తెలిసిన ఇంజనీరింగు విద్యార్థి కావలె. మొదటివాడు కడపలో ఉన్నాడు. రెండవవాడు ఇడుపులపాయలో ఉన్నాడు. ఇద్దరి నడుమ దూరం బస్సులో ఒక పూట ప్రయాణం గూడ కాదు. 2025లో అక్కడ చేరిన బాలుడు చదువు ముగించుకొని బయటికి వచ్చేది 2031లో. ఆ ఆరు సంవత్సరాలలో వేసవి సెలవు లేన్ని ఉన్నవో, ఆకులు ఎన్ని ఉన్నవో రెండు విశ్వవిద్యాలయాలవారూ కూర్చొని లెక్క చూచుకోవచ్చును.